ఒమాను దేశమును ఏ ఋతువున చూడవలెను?

"అదనెరిగి సేద్యము, పదునెరిగి పైరు" అని మన రైతుల మాట. ఈ మాట సేద్యమునకే కాక ప్రయాణమునకును వర్తించును. ఎక్కడికి పోవలెనని అందరును ఆలోచింతురు. ఎప్పుడు పోవలెనని ఆలోచించువారు కొందరే. టికెట్టు చవుకగా దొరికిన దినమో, సెలవు మంజూరైన దినమో మన ప్రయాణమును నిర్ణయించుచున్నది. అట్లు పోయి వచ్చినవారు ఒకే దేశమును గూర్చి పొంతన లేని మాటలు చెప్పుచుందురు. ఒకరు అది నిప్పుల కొలిమి అందురు. మరియొకరు మబ్బులు కొండలను తాకు పచ్చని సీమ అందురు. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడుట లేదు. వారు చూచిన దేశము ఒక్కటే. చూచిన నెలలు వేరు.

ఈ విషయమును సాధారణముగా చర్చించుటకంటె ఒక దేశమును ఉదాహరణగా తీసికొని విచారించుట మేలని తలచి, ఒమాను దేశమును ఎన్నుకొనుచున్నాము. దానికి కారణము కలదు. కడప నుండి, కరీంనగరం నుండి, నిజామాబాదు నుండి, గోదావరి జిల్లాల నుండి ఎందరో గల్ఫు దేశములకు పోయి కష్టించుచున్నారు. "మస్కట్" అను పేరు తెలుగు పల్లెలలో ఇంటి మాట అయినది. మా విద్యార్థులలో కొందరి అన్నలు, తండ్రులు, మేనమామలు అక్కడ ఉన్నారు. వారిని చూచి రావలెనని, వీలైనచో దేశమును కూడ చూడవలెనని కోరువారు ఏటేట పెరుగుచున్నారు. అనేక సంవత్సరములు కూడబెట్టిన ధనముతో జీవితములో ఒకసారి చేయు ప్రయాణమది. అదను తప్పినచో మరల చేయుట అందరికిని సాధ్యము కాదు.

మొదట ఒక మాటను పరిశీలింతము. మనము ఉర్దూలో "మౌసమ్" అనుచున్న పదము అరబ్బీలోని "మౌసిమ్". దాని ధాతువునకు గుర్తు వేయుట అని అర్థము. కావున మౌసిమ్ అనగా గుర్తు పెట్టుకొనిన కాలము: సంత జరుగు కాలము, యాత్రికులు కూడు కాలము, ఓడలు బయలుదేరు కాలము. అరబ్బు నావికుల నోటి నుండి ఈ మాట పోర్చుగీసువారికి, వారి నుండి ఇంగ్లీషువారికి చేరి "మాన్‌సూన్" అయినది. మన తెలుగులో దీనికి అతి సమీపమైన మాట "అదను". ప్రతి పనికిని ఒక అదను ఉన్నదను ఎరుకను అరబ్బు నావికుడును, తెలుగు రైతును వేరువేరుగా సంపాదించుకొనినారు.

నావికునకు ఈ ఎరుక ప్రాణావసరము. జూన్ మొదలు సెప్టెంబరు వరకు అరేబియా సముద్రముపై నైరుతి గాలి వీచును. నవంబరు మొదలు మార్చి వరకు ఈశాన్యపు గాలి వీచును. తెరచాప ఓడ ఒక గాలితో పోయి మరియొక గాలితో తిరిగి రావలెను. నైరుతి ఉద్ధృతముగా నున్న జూన్, జూలై మాసములలో సముద్రము మూతబడినట్లే. 15వ శతాబ్దమునకు చెందిన అహ్మద్ ఇబ్న్ మాజిద్ అను ప్రసిద్ధ నావికుడు, ఏ రేవు నుండి ఏ దినములలో బయలుదేరవలెనో నౌరోజు నుండి దినములు లెక్కించి తన గ్రంథములలో వ్రాసినాడు. క్రీ. శ. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథమైన "పెరిప్లస్" మరియొక ముచ్చట చెప్పుచున్నది. భారతదేశము నుండి ఆలస్యముగా బయలుదేరిన ఓడలు మోస్ఖా అను రేవులో చలికాలము గడిపెడివట. అచటి రాజోద్యోగులకు వస్త్రములు, గోధుమలు, నువ్వుల నూనె ఇచ్చి ధూపద్రవ్యమును తీసికొనెడివట. ఆ మోస్ఖా రేవే నేటి ఒమానులోని ఖోర్ రోరి అని పండితుల నిర్ణయము. మన మచిలీపట్నపు ప్రాంతమును మసాలియా అని పేర్కొనినదియు ఆ గ్రంథమే. అదను తప్పిన ప్రయాణికుడు నెలల తరబడి పరుల రేవులో నిలిచిపోవుట రెండువేల యేండ్ల నాటి అనుభవమన్న మాట.

ఇక దేశమును చూతము. ఒమాను వైశాల్యము సుమారు 3,09,500 చదరపు కిలోమీటర్లు. రెండు తెలుగు రాష్ట్రములను కలిపినను అంతకంటె తక్కువే. ఉత్తరమున రాజధాని మస్కట్ దాదాపు కర్కాటక రేఖపై ఉన్నది. దక్షిణమున ధొఫార్ రాష్ట్రపు ముఖ్య పట్టణము సలాలా. ఈ రెండింటి నడుమ రోడ్డు మార్గము సుమారు 1000 కిలోమీటర్లు. సలాలా అక్షాంశము 17 డిగ్రీలు. మన రాజమహేంద్రవరము అక్షాంశమును అదియే. ఒకే గీతపై ఉన్న ఈ రెండు ఊళ్ళను ఒకే నైరుతి గాలి పలుకరించును. ఐనను ఆ పలుకరింపు ఒక తీరుగా ఉండదు. ఒమాను యాత్రకు కాలము నిర్ణయించుటలో మొదటి సూత్రమిది: ఆ దేశమున ఒక ఋతుక్రమము కాదు, రెండు కలవు. ఉత్తరమునకు మంచి కాలము దక్షిణమునకు మంచి కాలము కాకపోవచ్చును.

మస్కట్ సంగతి తేలిక. నవంబరు నుండి మార్చి మొదటి భాగము వరకు అచట సుఖముగా నుండును. జనవరిలో పగటి వేడిమి 25 డిగ్రీలు, రాత్రి 17 డిగ్రీల ప్రాంతము. ఏప్రిల్ నుండి ఎండ ముదురును. మే, జూన్ నెలలలో 40 డిగ్రీలు దాటుట సాధారణము. మన రామగుండములోను, రెంటచింతలలోను ఇంతకు మించిన ఎండలున్నవి కదా యని ఎవరైన అనవచ్చును. భేదమెక్కడ ననగా, మన ఎండ రాత్రికి కొంత చల్లబడును. మస్కట్ తీరమున సముద్రము కూడ వేడెక్కి, గాలిలో తేమ నిండి, రాత్రియు ఉక్కపోత తగ్గదు. 2018 జూన్ 26న మస్కట్ సమీపమునందలి కురయ్యాత్ అను తీరపు పట్టణములో రాత్రి కూడ వేడిమి 42.6 డిగ్రీలకు దిగువకు రాలేదు. పగటి ఎండను నీడలో దాటవచ్చును. చల్లబడని రాత్రి నుండి వృద్ధులను, ఉబ్బసము, గుండెజబ్బు గలవారిని కాపాడుట కష్టము. కావున తల్లిదండ్రులను తీసికొని పోవువారు మే మొదలు ఆగస్టు వరకు మస్కట్ ప్రయాణమును తలపెట్టరాదు.

ఐతే ఉత్తరములోనే ఎత్తైన కొండలున్నవి. అల్ హజర్ పర్వతములలోని జబల్ అఖ్దర్, అనగా పచ్చకొండ, 2000 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. మస్కట్ ఉడికిపోవుచున్నప్పుడు కూడ అచట చల్లగా నుండును. మార్చి చివరి నుండి మే వరకు ఆ కొండమెట్ల పొలములలో గులాబీలు పూయును. తెల్లవారుజామున పూలు కోసి, మట్టి పొయ్యిలపై బట్టీ పట్టి గులాబ్‌జలము తీయుదురు. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో దానిమ్మలు పండును. క్రింది మైదానములలో ఎండలు ముదురు నాటికి ఖర్జూరములు పండును. అందులో ఒక రకమును పచ్చిగా నుండగనే కోసి, పెద్ద గాబులలో ఉడికించి, ఎండలో ఆరబెట్టుదురు. మన దేశమునకు ఎగుమతి అగు ఎండు ఖర్జూరములో కొంత భాగమిదే. దీనిని కన్నులార చూడవలెనన్న జూలై ఎండను భరింపవలెను. మనిషికి కష్టమైన కాలము చెట్టుకు పండుగ కాలము. తూర్పు కొనయందలి రాస్ అల్ జింజ్ తీరమున సముద్రపు తాబేళ్ళు ఏడాది పొడుగునను గ్రుడ్లు పెట్టును గాని, అవి ఎక్కువగా వచ్చునదియు జూన్ నుండి సెప్టెంబరు వరకే.

ఇప్పుడు దక్షిణమునకు పోవుదము. మస్కట్ మండిపోవు ఆ నెలలలోనే సలాలాలో జల్లులు పడుచుండును. జూన్ మూడవ వారము నుండి సెప్టెంబరు మూడవ వారము వరకు గల ఆ కాలమునకు అచట "ఖరీఫ్" అని పేరు. ఈ పేరు వినగానే మన రైతు చెవి నిక్కించును. మన ఖరీఫ్ పంట పేరును ఆ అరబ్బీ మాటయే. ఖరీఫ్ అనగా శరత్కాలము, రబీ అనగా వసంతకాలము. మన దేశమున కోత కోయు ఋతువును బట్టి పంటకు ఆ పేర్లు వచ్చినవి. మన దేశమున అది పంట పేరైనది. ధొఫారులో వాన పేరైనది.

వాన యన్నంతనే మన గోదావరి వానను ఊహింపరాదు. సలాలాలో ఏడాది మొత్తము కురియు వర్షము 100 మిల్లీమీటర్లకు అటునిటు మాత్రమే. అంత స్వల్పమైన వానకు కొండలెట్లు పచ్చబడును? దీనికి కారణము తెలిసికొనదగినది. నైరుతి గాలి ధొఫార్ తీరము వెంబడి వీచుచు పైనీటిని తీరమునకు దూరముగా నెట్టును. ఖాళీ అయిన చోటికి లోతులలోని చన్నీరు పైకి వచ్చును. తేమతో నిండిన గాలి ఈ చన్నీటిపై నడచి చల్లబడి మంచుగా, మబ్బుగా మారును. మరియొక వైపున రుబ్ అల్ ఖాలీ అను మహా ఎడారి నుండి వచ్చు వేడి పొడిగాలి ఆ మబ్బుపై మూతవలె కప్పుకొనును. మూత ఉన్నందున మబ్బు పైకెగసి కుండపోత కాజాలదు. అది కొండలకు ఆనుకొని నిలిచి, తుంపరగా రాలుచుండును. ఆ తుంపరను చెట్ల ఆకులు పట్టి బొట్టు బొట్టుగా నేలకు దించును. అక్కడి అడవిలో ప్రధానమైన చెట్టు మన చిరుమానుకు దగ్గరి చుట్టము. వేడిమి 24 నుండి 28 డిగ్రీల నడుమ నిలుచును. దర్బాత్ వాగు పొంగినప్పుడు జలపాతములు దుముకును. అదే కొండ శిఖరము దాటి కొలది దూరము పోయినచో ఒక్క గడ్డిపరకయు లేని ఎడారి.

మబ్బు చేరని ఆ ఆవలి వైపుననే లుబాన్ చెట్లు పెరుగును. లోబాన్ అను మన ఉర్దూ మాట దీని నుండి వచ్చినదే. చెట్టు బెరడును చెక్కి వదలినచో పాలవంటి జిగురు కారి, కొన్ని దినములకు గట్టిపడును. దానిని ఒలిచి అమ్ముదురు. ఒకనాడు రోమునకు, ఈజిప్టునకు పోయిన ధూపద్రవ్యమిదే. వాదీ దౌకా, ఖోర్ రోరి, అల్ బలీద్, షిస్ర్ అను నాలుగు స్థలములను యునెస్కో 2000లో ప్రపంచ వారసత్వపు జాబితాలో చేర్చినది. 14వ శతాబ్దములో ధొఫారును చూచిన ఇబ్న్ బతూతా అచటి కొబ్బరిచెట్లను, తమలపాకు తీగలను వర్ణించినాడు. అనుకూలమైన గాలితో కాలికట్ నుండి 28 దినములలో ఆ రేవు చేరవచ్చునని వ్రాసినాడు. నేటికిని సలాలా రోడ్ల ప్రక్కన కొబ్బరిబోండాములు, అరటిగెలలు, బొప్పాయిలు అమ్ముచుందురు. తెలుగువాడు ఆ బడ్డీల ముందు నిలిచినచో తాను ఎడారి దేశమున నున్నట్లు ఒక నిమిషము మరచును.

ఐనచో ఖరీఫ్ కాలమే సలాలాకు మంచి అదనా? ఇచట ఆలోచింపవలసినది కలదు. గల్ఫు దేశముల వారందరును చల్లదనము కొరకు జూలై, ఆగస్టులలో అచటికే వత్తురు. బసల అద్దెలు పెరుగును, రోడ్లు నిండిపోవును. పొగమంచులో ముందు బండి కనబడదు. ఒంటెలు రోడ్డుకు అడ్డముగా వచ్చును. సముద్రము భీకరముగా నుండును. 2022 జూలైలో ముగ్సయిల్ తీరమున అలలు సందర్శకులను ఈడ్చుకొనిపోయిన దుర్ఘటన జరిగినది. కాబట్టి ఆ కాలమున సముద్రమును దూరము నుండియే చూడవలెను. రద్దీ వలదనుకొనువారికి సెప్టెంబరు చివర మొదలగు "సర్బ్" అను కాలము ఉత్తమము. మబ్బు తొలగి ఆకాశము తేటపడును, కొండలు ఇంకను పచ్చగా నుండును, సముద్రము శాంతించి జాలరులు పడవలను దింపుదురు, అద్దెలు తగ్గును. మేము సలహా ఇయ్యవలసి వచ్చినచో, సెప్టెంబరు చివరి వారమున సలాలాను చూడుమందుము. మస్కట్ కూడ చూడవలెనన్న నవంబరు వరకు ఆగి, రెండింటిని కలిపి చూచుట మేలు. అప్పటికి సలాలా కొండలు పసుపువన్నెకు తిరిగినను ప్రయాణము సుఖముగా సాగును.

ఇంకొక జాగ్రత్త. అరేబియా సముద్రములో తుపానులు మే, జూన్ నెలలలోను, తిరిగి అక్టోబరు, నవంబరులలోను వచ్చుచుండును. 2007 జూన్‌లో "గోను", 2018 మేలో సలాలాను తాకిన "మెకును", 2021 అక్టోబరులో "షాహీన్" చేసిన నష్టము ఆ దేశస్థులు మరువలేదు. దివిసీమను మరువని మనకు ఇది వేరుగ చెప్పనక్కరలేదు. తుపాను కాని వాన కూడ అక్కడ ప్రమాదకరమే. ఎండిన వాగును వారు "వాదీ" అందురు. కొండమీద వాన పడినచో, క్రింద ఆకాశము నిర్మలముగా నున్నను, ఆ వాగు నిమిషములలో ఏరై పారును. 2024 ఏప్రిల్‌లో వచ్చిన వరదలలో బడిపిల్లలతో సహా పలువురు మరణించినారు. నీరు పారు వాదీలోనికి బండిని దింపరాదను నియమమును ప్రాణముతో సమానముగా పాటింపవలెను.

వాతావరణమునకు తోడు పంచాంగమును కూడ చూడవలెను. హిజ్రీ సంవత్సరము చాంద్రమానము. దానికి 354 లేక 355 దినములు. అందుచేత రంజాన్ ఏటేట 10, 11 దినములు ముందునకు జరుగుచు, సుమారు 33 ఏండ్లలో అన్ని ఋతువులను చుట్టివచ్చును. 2014లో అది జూన్ చివర మొదలైనది. మరల ఆ స్థానమునకు వచ్చునది 2047 ప్రాంతమున. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరియొకసారి రంజాన్ మొదలగును. ఆ మాసమున పగటిపూట భోజనశాలలు చాలవరకు మూసియుండును; బహిరంగముగా తినుట, త్రాగుట ఏ మతము వారికైనను నిషిద్ధము; కార్యాలయములు తక్కువ గంటలు పనిచేయును. స్థలములను చూడగోరువారికి అది అసౌకర్యము. కాని ఇఫ్తారు వేళ వీధులు, రాత్రివేళ బజారులు చూడగోరువారికి అంతకు మించిన కాలము లేదు. చాంద్రమానము ఋతువులతో నడువదను ఇబ్బంది మన దేశమున పన్నుల వసూలుకును ఎదురైనది. కోతల కాలమునకు సరిపడునట్లు అక్బరు కాలమున ఏర్పడినదే ఫసలీ లెక్క. ఫసల్ అనగా పంట. జూలై 1న మొదలగు ఫసలీ సంవత్సరము మన రెవెన్యూ దస్తరములలో కనబడుచు వచ్చినది అందువలననే.

ఇంతవరకు చెప్పినది చూడబోవు వాని దృష్టితో. ఋతువును ఎన్నుకొను స్వాతంత్ర్యము అతనికి కలదు. అచట పనిచేయుచున్న మన వానికి లేదు. రోడ్డు వేయువాడు, గోడ కట్టువాడు, తోటకు నీరు పెట్టువాడు పన్నెండు నెలలును అక్కడనే ఉండవలెను. జూన్ నుండి ఆగస్టు వరకు మధ్యాహ్నము 12-30 నుండి 3-30 వరకు ఆరుబయట పని చేయించరాదని ఒమాను ప్రభుత్వము నియమము చేసినది. మంచి నియమమే. కాని 12-30కి ముందును, 3-30కి తరువాతను ఉన్న ఎండ కూడ ఎండయే. ఇండ్లలో పనిచేయు మన స్త్రీల వంటగదికి ఏ ఋతువును లేదు.

ఈ కారణముననే మేము విద్యార్థులకు ఒక మాట చెప్పదలచినాము. మీ ఇంటి నుండి ఎవరైనను జనవరిలో మస్కట్ పోయి, చల్లని గాలిని, పరిశుభ్రమైన వీధులను చూచి, "మా అన్న ఫోనులో చెప్పిన కష్టమేది? ఇంత మంచి దేశమున కష్టమా?" అని తలచుట సులభము. ఇంటికి వచ్చి అట్లే చెప్పుదురు; ఆ మాట నమ్మి మరియొక తమ్ముడు అప్పు చేసి ఏజెంటు చేతిలో ధనము పోయును. ఉద్యోగమునకు పోదలచినవాడు దేశమును దాని మంచి నెలను బట్టి కాక, దాని కఠినమైన నెలను బట్టి అంచనా వేయవలెను. తనకు ఇయ్యబోవు పని నీడలోనిదా, ఎండలోనిదా; జూన్‌లో పనివేళలెట్లుండును; బసలో చల్లదనపు యంత్రము ఉన్నదా; సెలవు ఏ నెలలో ఇత్తురు అను ప్రశ్నలను ఒప్పందముపై సంతకము చేయుటకు ముందే అడుగవలెను. ఈ ప్రశ్నలు అడుగుటకు గొప్ప చదువు అక్కరలేదు. భూగోళ శాస్త్రములో మనము పరీక్ష కొరకు చదివిన ఉష్ణోగ్రతల పట్టికను ఒకసారి శ్రద్ధగా చూచిన చాలును.

కావున సారాంశమిది. వృద్ధులతో పోవువారికి నవంబరు నుండి ఫిబ్రవరి వరకు మస్కట్. పచ్చదనము కోరువారికి సెప్టెంబరు చివర సలాలా. గులాబీలు చూడగోరువారికి ఏప్రిల్‌లో జబల్ అఖ్దర్. పండుగ తేదీలను, తుపాను కాలమును ముందుగా సరిచూచుకొనవలెను. పనికి పోవువారు మాత్రము జూన్ నెలను గూర్చి విచారించిన పిమ్మటనే కాగితముపై చేవ్రాలు చేయవలెను. ఏ దేశమునకు పోయినను, ఈ ఒక్క దేశమును విచారించినట్లే, ఉత్తర దక్షిణములను, గాలిని, పంటను, పంచాంగమును, అచటి కష్టజీవుల పనివేళలను విచారించి బయలుదేరుడని మా విద్యార్థులను కోరుచున్నాము.